నిధిని వెదుకుదాం, నేలను త్రవ్వవద్దు

తెనాలి అనగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది రామకృష్ణకవి. ఆయన పేరు చెప్పగానే చిన్నపిల్లలు సైతం చెప్పగల కథ దొంగలూ నుయ్యీ కథ. పెరటిలో దొంగలు పొంచి ఉన్నారని పసిగట్టిన రామకృష్ణుడు, నగలన్నీ పెట్టెలో పెట్టి నూతిలో దాచుతున్నానని భార్యతో బిగ్గరగా చెప్పి, రాళ్లు నింపిన పెట్టెను నూతిలో పడవేశాడట. దొంగలు రాత్రంతా నీళ్లు తోడిపోశారు. తెల్లవారేసరికి వారికి దక్కింది రాళ్ల పెట్టె. రామకృష్ణుని తోట మాత్రం చక్కగా తడిసింది. ఈ కథ విని నవ్వనివారు లేరు. కాని నవ్వు ఆగిన తరువాత ఆలోచింపదగిన మాట ఒకటున్నది. దాచినదానిని వెదకడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణం. ఆ గుణం వల్ల తోట తడుస్తుందా, గోడ కూలుతుందా అన్నది వెదికేవాని బుద్ధిని బట్టి ఉంటుంది.

నేటి ప్రపంచంలో ఇటువంటి వెదుకులాట ఒక క్రీడగా రూపొంది దేశదేశాలకు వ్యాపించింది. దాని పేరు జియోకాషింగ్. ఒకరు ఒక చిన్న డబ్బాలో నోటుపుస్తకం, పెన్సిలు పెట్టి, దారిన పోయేవారి కంటపడని చోట దాచుతారు. ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేస్తారు. ఇతరులు ఉపగ్రహ సంకేతాల సాయంతో అక్కడికి చేరి, చుట్టుపక్కల వెదికి, డబ్బాను పట్టుకొని, పుస్తకంలో తమ పేరు, తేదీ వ్రాసి, డబ్బాను ఎక్కడ ఉన్నదో అక్కడనే మరల పెట్టి వెళ్లిపోతారు. ఆట అంతే. గెలిచినవారికి బహుమతి లేదు; ఓడినవారికి నష్టం లేదు.

ఈ ఆటకు పుట్టినతేదీ కూడ ఉన్నది. ఉపగ్రహాల ద్వారా స్థానాన్ని తెలుసుకొనే అమెరికా వారి పద్ధతిలో సామాన్యప్రజలకు అందే సంకేతాలను బుద్ధిపూర్వకంగా మసకబారుస్తూ ఉండేవారు. 2000 మే 2వ తేదీన ఆ మసకను తొలగించారు. మరునాడే ఆరిగన్ రాష్ట్రంలో ఒకాయన ఒక బక్కెట్టులో నోటుపుస్తకం, పెన్సిలు, మరికొన్ని వస్తువులు పెట్టి అడవిదారి ప్రక్కన దాచి, ఆ చోటి గుర్తులను ప్రకటించాడు. కొద్ది రోజులలోనే ఇతరులు దానిని కనుగొన్నారు. ఈనాడు ఇటువంటి డబ్బాలు ప్రపంచంలో 30 లక్షలకు పైగా ఉన్నాయి. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీళ్లలో 1854లోనే ఒక మార్గదర్శి దూరపు చెలమ వద్ద సీసా ఒకటి ఉంచి, అంతదూరం నడిచి వచ్చినవారు తమ పేరు చీటి అందులో వేసి పోయే ఆచారాన్ని ప్రారంభించాడు. కనుక ఉపగ్రహాలు కొత్తవే గాని ఈ సరదా కొత్తది కాదు.

ఈ ఆటను గురించి ఒక కళాశాల సంచికలో వ్రాయవలసిన అవసరమేమున్నదని చదువరులు అడుగవచ్చును. మమ్ము ఆకర్షించింది ఆట కాదు, ఆటకు వారు పెట్టుకున్న నియమాలు. డబ్బా కొరకు నేలను త్రవ్వకూడదు. దాచేవారూ త్రవ్వకూడదు, వెదికేవారూ త్రవ్వకూడదు. డబ్బాలో నుండి ఏదైనా వస్తువు తీసుకుంటే, దానికి సమానమైనదో, అంతకు మించినదో అందులో ఉంచాలి. పేరు వ్రాయక కదలకూడదు. దొరికిన డబ్బాను దొరికినచోటనే ఉంచాలి. వెదకడం, కనుగొనడం, వ్రాయడం, వదలిపెట్టడం – ఈ నాలుగు మాటలలో ఒక గొప్ప శిక్షణ ఇమిడి ఉన్నది. మనలో చాలామందికి మొదటి రెండూ తెలుసును. చివరి రెండూ మనం నేర్వవలసి ఉన్నది.

ఇంగ్లండులో సిల్చెస్టర్ అనే చోట ఒక ప్రాచీన రోమను పట్టణపు శిథిలాలు ఉన్నాయి. రోమనుల కాలం గడచిన పిమ్మట జనులు దానిని విడిచిపోగా, దానిపై మరొక పట్టణం లేవలేదు. పురావస్తు పండితులు 1890 నుండి 1909 వరకు అక్కడ త్రవ్వి, వీథులను, ఇండ్లను పటాలపై గుర్తించి, మరల మట్టితో కప్పివేశారు. నేడు అక్కడ చూడటానికి మిగిలినవి పచ్చిక బీళ్లు, వాటిని చుట్టి దాదాపు ఒకటిన్నర మైలు పొడవున నిలిచిన ప్రాకారపు గోడ, గోడ వెలుపల ఒక పాత క్రీడారంగం. బంగారం లేదు, విగ్రహాలు లేవు. అయినా జనులు వచ్చి గోడ చుట్టూ నడుస్తారు. అటువంటి శిథిలాల సమీపంలో వెదుకులాటకు వచ్చినవాడు గోడ రాయిని ముట్టనక్కరలేదు. ఫలకంపై అక్షరాలు చదివి, రాళ్ల వరుసలు లెక్కించి, ఆ లెక్కనే సమాధానంగా వ్రాసుకొని పోయే పద్ధతి కూడ ఆ ఆటలో కలదు. దానికి డబ్బాయే అవసరం లేదు. చోటే పెట్టె, చోటును గమనించడమే పెట్టెను తెరవడం.

ఇక మన ప్రాంతానికి వద్దాము. తెనాలి, రేపల్లె, బాపట్ల నడుమ రోమను పట్టణం లేదు. కాని రోమనులకు తెలియని నేల మాత్రం కాదు ఇది. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాన గ్రంథంలో మసాలియా అన్న పేరుతోనూ, రెండవ శతాబ్దిలో టాలెమీ భూగోళ గ్రంథంలో మైసోలియా అన్న పేరుతోనూ కనిపించేది మన కృష్ణాతీరమే. ఇక్కడి సన్నని నూలువస్త్రాలు ఓడలెక్కి పోయేవి. టాలెమీ పేర్కొన్న కొంటకొస్సిల అనే వర్తకస్థానం కృష్ణకు ఆవలి గట్టున ఉన్న ఘంటసాల అని పండితుల అభిప్రాయం. మన సరుకుల కొరకు తమ దేశపు ధనం ఏటేటా ఇంత తరలిపోతున్నదే అని రోమను రచయిత ప్లినీ మొరపెట్టుకొన్నాడు. ఆయన మొర అసత్యం కాదనటానికి వినుకొండలో, నాగార్జునకొండలో దొరికిన రోమను బంగారు నాణేలే సాక్ష్యం.

నెల్లూరు కథ మరింత ఆలోచింపజేస్తుంది. సుమారు 1786లో నెల్లూరు సమీపాన ఒక రైతు దున్నుతూ ఉండగా నాగలికి ఇటుక కట్టడం అడ్డు తగిలింది. త్రవ్వి చూడగా ఒక చిన్న గుడి శిథిలాలూ, వాటి క్రింద ఒక చిన్న కుండా బయటపడ్డాయి. కుండలో రెండవ శతాబ్దపు రోమను బంగారు నాణేలు! ఆ రైతు వాటిని పాత బంగారం క్రింద అమ్ముకొన్నాడు. చాలావరకు మూసలో కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా సంగతి విని, ముప్పదికి పైగా నాణేలను సేకరించి కాపాడగలిగాడు. వాటిపై ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినా రూపాలు ఉన్నాయని ఆనాడే చూచినవారు వ్రాశారు. రైతును మేము నిందించడం లేదు. ఆకలిగొన్నవానికి బంగారం బంగారమే. కాని కరిగిన నాణెం తులాలలోకి మారింది. కరగని నాణెం చరిత్రలోకి మారింది. ఒక గుడి శిథిలం క్రింద, తనకు సంబంధించని దేవళపు మట్టిలో దొరికిన, తనకు సంబంధించని చక్రవర్తుల రూపాలను ఒక ముస్లిం ప్రభువు పదిలపరచినాడన్న విషయం మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

ఇప్పుడు భట్టిప్రోలు వద్దకు రావాలి. తెనాలి నుండి రేపల్లె పోయే రైలుబండిలో వేమూరు దాటిన తరువాత వచ్చే స్టేషను అది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుండి ఆ ఊరు బాపట్ల జిల్లాలోనిది. ఒకమారు మేము కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్లాము. దిబ్బ మీదికి చేరగానే పిల్లలలో ఒకడు, ‘సార్, ఇక్కడ దఫీనా ఉన్నదంటారు, నిజమేనా?’ అని అడిగాడు. దఫీనా అంటే పాతిపెట్టిన ధనం. మన తెలుగు పల్లెలలో లంకెబిందెలు అనేదానికి ఉర్దూ ఇండ్లలో ఇదే మాట. మరొకడు ఇటుక ముక్క నొకదానిని జేబులో వేసుకోబోయాడు. మేము దానిని ఎక్కడిది అక్కడ పెట్టించాము. ‘ఒక్క ముక్కే కదా సార్!’ అన్నాడు. వాని మాటకు అప్పటికప్పుడు మేము సరిగా సమాధానం చెప్పలేకపోయాము. ఈ వ్యాసం ఒక విధంగా ఆ సమాధానమే.

ఒక్క ముక్క ఒక్క ముక్కగానే భట్టిప్రోలు స్తూపం పోయింది. దాదాపు 148 అడుగుల వ్యాసం గల మహాస్తూపం అది. రెండువేల ఏండ్ల వానలకు, గాలులకు తట్టుకొని నిలిచిన ఆ కట్టడాన్ని గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో కాలువల, రోడ్ల నిర్మాణం వచ్చి పడగొట్టింది. ఇటుకలు బాటకు పోయాయి. చలువరాతి పలకలు వెల్లటూరు వైపు కాలువ కట్టడంలో కలిసిపోయాయి. ఆ పని చేసినవారు దుర్మార్గులు కారు. డెల్టాకు నీరు కావాలి, బాటకు రాయి కావాలి, దగ్గరలో రాయి ఉన్నది – అంతవరకే వారి ఆలోచన. ఆ కాలువ నీటితో పండిన అన్నమే మనమందరం తిన్నాము. అయినా పోయినది పోయినదే. అమరావతిలోనూ ఇదే జరిగింది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి కాలంలో ఇటుకల కొరకు, నిధి ఉన్నదన్న ఆశతో దిబ్బను త్రవ్వారు. 1798లో ఒకమారు చూచి పోయిన కాలిన్ మెకంజీ సుమారు ఇరువది ఏండ్లకు మరల వచ్చేసరికి స్తూపం నడిమి భాగం చెరువుగా మారి ఉన్నది.

భట్టిప్రోలులో మిగిలినదానిని 1892లో అలెగ్జాండర్ రే అనే అధికారి శాస్త్రీయంగా పరిశీలించాడు. స్తూపగర్భంలో ఆయనకు మూడు రాతి మంజూషలు లభించాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, పూసలు, వాటితో పాటు పవిత్ర ధాతుశేషం ఉన్నాయి. ఆ శేషాన్ని 1920లో కలకత్తాలోని ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు. బంగారు పూలు బరువు తూచితే ఎంతో ఉండవు. నిజమైన నిధి మంజూషల రాతి అంచులపై చెక్కిన అక్షరాలలో ఉన్నది. జర్మను పండితుడు బ్యూలర్ ఆ అక్షరాలను చదివి, క్రీస్తుపూర్వం రెండువందల ప్రాంతానివని నిర్ణయించాడు. బ్రాహ్మీలిపికి చెందినవే అయినా, ఉత్తరదేశపు అశోకశాసనాల అక్షరాలకంటె కొన్ని విలక్షణమైనవి. ఉదాహరణకు మకారం తలక్రిందులుగా ఉంటుంది. హల్లుతో కలిసిపోయి ఉండే అకారానికి సైతం ఇక్కడ ప్రత్యేకంగా ఒక గీత పెట్టారు. దక్షిణదేశపు లిపుల చరిత్ర వ్రాయబూనినవాడు ఎవడైనా ఈ రాళ్లను దాటి పోలేడు.

ఆ అక్షరాలలో ఏమున్నది? పేర్లు ఉన్నాయి! కుర అనేవాడు, అతని తండ్రి, అతని తల్లి, శివ అనే మరొకడు కలసి ఈ మంజూషను, ఈ స్ఫటికపు భరిణెను సమర్పించారని ఒక రాయి చెప్పుతుంది. నిగమసభ్యుల పేర్లు, గోష్ఠివారి పేర్లు వరుసగా మరొక చోట కనిపిస్తాయి. కుబిరక అనే రాజు పేరు కూడ ఉన్నది గాని, రాజుకంటె ఎక్కువ చోటు ఊరివారికే దక్కింది. చదువరులు ఒక్కక్షణం ఆగి ఆలోచింతురు గాక. ఒక పెట్టె, పెట్టెను దాచిన స్థలం, పెట్టెపై అక్కడికి వచ్చి చేయి కలిపినవారి పేర్ల పట్టిక. 2000 సంవత్సరంలో ఆరిగన్ అడవిలో కనిపెట్టిన ఆట అని లోకం అనుకొంటున్నదాని పోలిక మన రేపల్లె దారిలో ఇరువది రెండు శతాబ్దాల క్రిందటనే ఉన్నది. వారి భక్తి వేరు, ఈనాటి వినోదం వేరు. రెండింటిని ఒకటిగా చూడటం మా ఉద్దేశం కాదు. కాని ‘మేము ఇక్కడికి వచ్చాము, ఈ పనిలో మేమూ ఉన్నాము’ అని పేరు వ్రాసి, ఆ వ్రాతను అక్కడనే వదలిపెట్టి పోవాలన్న మానవహృదయం మాత్రం ఒక్కటే.

ఆ పేర్లు మనకు ఎందుకు దక్కాయో గమనించాలి. మంజూష ఏ లోతున, ఏ దిక్కున, దేనిపై దేనిని ఉంచగా దొరికిందో రే వరుసగా వ్రాసి పెట్టాడు. అదే మంజూషను లంకెబిందెల కొరకు అర్ధరాత్రి త్రవ్వినవాడు పట్టుకొని ఉంటే ఏమయ్యేది? బంగారు పూలు కరిగేవి, రాతిపెట్టె పగిలేది, కుర పేరు ఈ భూమి మీద లేకుండాపోయేది. త్రవ్వకంలో పోయేది వస్తువు మాత్రమే కాదు. ఆ వస్తువు ఉన్న చోటు పోతుంది. చోటు తప్పిన వస్తువు సాక్ష్యం చెప్పలేదు. మా విద్యార్థి చేతిలోని ఇటుక ముక్కకు ఇదే సమాధానం. దిబ్బ మీద ఉన్నంతసేపు అది స్తూపం. జేబులో పడిన మరుక్షణం అది పెంకు.

గుప్తనిధుల పేరిట ఈనాటికీ పాత గుడులలో, కోటలలో, సమాధుల వద్ద త్రవ్వకాలు జరిగాయన్న వార్తలు పత్రికలలో కనిపిస్తూనే ఉన్నాయి. మంత్రగాడు ఒకడు, యంత్రం పట్టుకొన్నవాడు మరొకడు, పెట్టుబడి పెట్టిన ఆశాపరుడు ఇంకొకడు. చివరకు మిగిలేది గొయ్యి. చట్టం దీనిని గురించి మౌనంగా లేదు. 10 రూపాయలకు మించిన విలువ గల భూగర్భ ధనం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెప్పుతుంది. దాచిపెట్టినవానికి శిక్ష, తెలియజేసినవానికి, హక్కుదారులెవరూ లేరని తేలినప్పుడు, భాగం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, 2010లో దానికి చేసిన సవరణ, రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల నిర్మాణాలను నిషేధించి, ఆపై 200 మీటర్లను అదుపులో ఉంచాయి. కాని చట్టం కాగితం మీద ఉంటుంది. దిబ్బ పొలం నడుమ ఉంటుంది. రెండింటి మధ్య నిలువవలసినవారు ఊరివారు, ఊరివారిలోనూ చదువుకొన్న యువకులు.

దొరికినది దొరికినవానిదే అన్న మాట మన నోటిలో సామెతవలె తిరుగుతున్నది. అది మన ప్రాంతపు ఉత్తమ సంప్రదాయం కాదని చెప్పటానికి మరొక రాయి సాక్షిగా ఉన్నది. అదీ ఈనాటి బాపట్ల జిల్లాలోనే ఉన్నది. మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం అది. తుపానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. సముద్రవర్తకులు ప్రాణాలకు తెగించి సంపాదించిన ధనం అది. సుంకం తప్ప మరేమియు తీసుకొనము, మిగిలినది వారికే విడిచిపెట్టుచున్నాము అని ఆ శాసనం తాత్పర్యం. ఒడ్డున దొరికినంత మాత్రాన సరుకు ఒడ్డువానిది కాదు అని ఒక రాజు రాతిపై ఒప్పుకొన్నాడు. సముద్రం మోసుకొనివచ్చిన వస్తువుకే ఇంత ధర్మం ఉంటే, కాలం మోసుకొనివచ్చిన వస్తువుకు ఎంత ఉండాలి?

ఈ విషయం స్నేహితుల మధ్య ప్రస్తావించినప్పుడు మాకు మూడు ఆక్షేపణలు వినిపించాయి. మొదటిది, ఇది సంపన్న దేశాలవారి కాలక్షేపం, మనకెందుకు అన్నది. నిజమే, తీరిక లేనివానికి ఆట లేదు. కాని మన విద్యార్థులకు తీరిక లేకపోలేదు. ఆ తీరిక చేతిలోని ఫోను మింగివేస్తున్నది. ఆ ఫోనే దారి చూపగా వారు నాలుగు మైళ్లు నడిచి ఒక రాయిని చదివితే నష్టమేమున్నది? రెండవది బరువైన ఆక్షేపణ. దిబ్బ ప్రక్కన డబ్బా దాచితే ఊరిలో నిధి ఉన్నదన్న పుకారు పుట్టదా, అపరిచితులు పొదలలో వెదుకుతుంటే అనుమానించరా, డబ్బాను చూచి బాంబు అని భయపడరా? ఈ ఆక్షేపణను మేము తలయొగ్గి అంగీకరిస్తున్నాము. మన పరిస్థితులలో పురాతన స్థలాల వద్ద డబ్బాలు దాచడం తగదు. ముస్లిం యువకులు పొదలలో వెదుకుతున్నారన్న మాట ఏ విధంగా వ్యాపించగలదో మన పాఠకులకు మేము విడమరచి చెప్పనక్కరలేదు. కావున మనకు తగినది డబ్బాలేని పద్ధతి. ప్రశ్నను కాగితంపై వ్రాద్దాము. సమాధానం చోటు వద్ద చదువుదాము. వెళ్లేముందు ఊరి పెద్దలకు, కాపలాదారుకు చెప్పి, పగటిపూట, ఉపాధ్యాయులతో కలిసి వెళ్దాము.

మూడవ ఆక్షేపణ ఆక్షేపణగా కాక ప్రశ్నగా వచ్చింది. భట్టిప్రోలు నుండి తిరుగు ప్రయాణంలో రైలుబండిలో ఒక విద్యార్థిని మెల్లగా అడిగింది: ‘సార్, అది బౌద్ధులది, ఆ ఊళ్లోని గుళ్లు హిందువులవి. వాటితో మనకేమి పని?’ ఆ అమ్మాయి తెలుగులో అడిగింది. ఆ ప్రశ్నను ఏ లిపిలో వ్రాయవలెనన్నా, ఆ లిపి పుట్టుపూర్వోత్తరాలు వెదుకుతూ పోయినవాడు ఆ రాతిమంజూషలను తడవక తప్పదు. ఆమె దిగిన ఊరి పొలాలకు నీరు తెచ్చిన కాలువలలో ఆ స్తూపపు పలకలు ఉన్నాయి. ఈ నేలపై పుట్టి, ఈ భాషలో ప్రశ్న అడుగగలిగినవారికి ఈ దిబ్బతో పని లేదనటం ఎట్లా? పూజించేవారిది ఆలయం, చదివేవారిది చరిత్ర. పూజకు మతం అడ్డు ఉండవచ్చును, చదువుకు ఉండనవసరం లేదు. అదే విధంగా మన ఊళ్ల పాత మసీదుల గోడలపై, దర్గాల గడపలపై ఉన్న పారశీక, ఉర్దూ అక్షరాలను మన హిందూ సహాధ్యాయులు వచ్చి చూచి, మనచేత చదివించుకొని, అర్థం వ్రాసుకొని పోవాలని మేము కోరుకొంటున్నాము. మనం వారి రాళ్లను చదువనిది వారు మన రాళ్లను చదువుతారని ఆశించడం న్యాయం కాదు.

ఇక మా సూచన ఇది. తెనాలి, రేపల్లె, బాపట్ల పరిసరాలలో పది స్థలాలను విద్యార్థులు తామే ఎంచుకోవాలి. భట్టిప్రోలు స్తూపం, వెల్లటూరు కాలువ, వెలనాటి చోడుల రాజధానిగా పేరుగన్న చందవోలు, బాపట్ల భావనారాయణస్వామి ఆలయపు శాసనాలు, మోటుపల్లి రేవు, వాటితో పాటు ఒక పాత మసీదు, ఒక దర్గా, ఒక చర్చి, ఒక పాత పుస్తక భాండాగారం ఉండవచ్చును. ఒక్కొక్క స్థలానికి ఒక్కొక్క ప్రశ్న సిద్ధం చేయాలి. ఆ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ దొరకకూడదు; అక్కడ నిలబడి, కన్ను తెరచి చూచినవానికే దొరకాలి. ఈ వైపు ఇటుకల వరుసలు ఎన్ని? ఫలకం ఏ భాషలతో మొదలై ఏ భాషతో ముగుస్తుంది? కాలువ గట్టు రాళ్లలో రంగు తేడాగా ఉన్నవి ఏవైనా కనిపిస్తున్నాయా? జవాబులు, తేదీ, వెళ్లినవారి పేర్లు ఒక పెద్ద పుస్తకంలో వ్రాసి కళాశాల గ్రంథాలయంలో ఉంచాలి. మన ఈ సంచికవలెనే ఆ పుస్తకాన్ని ఒక ప్రక్క నుండి తెరిస్తే తెలుగు, మరొక ప్రక్క నుండి తెరిస్తే ఉర్దూ ఉండాలి. రెండూ నడుమ ఎక్కడో కలుసుకొంటాయి.

దీనివల్ల లాభమేమిటని అడిగితే రెండు చెప్పగలము. మొదటిది, ఏటేటా వ్రాసిన జవాబులు ఒకచోట చేరితే అది కావలిగా మారుతుంది. గత సంవత్సరం పదునాలుగు వరుసలున్న గోడకు ఈ సంవత్సరం పన్నెండే ఉన్నవంటే, ఆ రెండు వరుసలు ఎక్కడికి పోయినవని అడిగేవారు ఉంటారు. అడిగేవారున్న దిబ్బను త్రవ్వడానికి దొంగ వెనుకాడుతాడు. రెండవది, కనుగొన్నదానిని వదలిపెట్టి రావడం నేర్చిన విద్యార్థి రేపు ఉద్యోగంలో ప్రభుత్వ ధనాన్ని, వ్యాపారంలో ఇతరుల సొమ్మును, ఇంటిలో తోబుట్టువుల భాగాన్ని చూచినప్పుడు సైతం ఆ నేర్పును మరచిపోడని మా నమ్మకం. అది చిన్న లాభం కాదు.

తెనాలి రామకృష్ణుని దొంగలు రాత్రంతా శ్రమపడి ఒక తోటను తడిపారు. వారికి మాత్రం ఏమీ దక్కలేదు. మన విద్యార్థులు పగటివేళ నాలుగడుగులు నడిచి ఈ తోటను తడుపుదురు గాక. వారికి దక్కేది ఏమిటంటే, ఇరువది రెండు శతాబ్దాల క్రిందట కుర అనేవాడు తన తల్లిని సైతం పేర్కొని చెక్కించి పోయిన పట్టికకు కొనసాగింపుగా, మన గ్రంథాలయపు పుస్తకంలో తమ పేరు. వచ్చే సంవత్సరపు సంచిక వెలువడేనాటికి ఆ పుస్తకంలో మొదటి పుట నిండి ఉండాలని కోరుకొంటున్నాము. మొదటి పంక్తిలో వ్రాయటానికి, ఇటుక ముక్కను తిరిగి పెట్టిన ఆ విద్యార్థినే పిలువదలచుకొన్నాము.